ఎంత దూరం నుంచి?

“ఎంత దూరం నుంచి తీస్తారు?”

లెన్సు కొందామని వచ్చినవాణ్ణి షాపావిడ అడిగిన మొదటి ప్రశ్న అదే.

జీవితమంతా అతను మనుషుల్ని ఒకే దూరం నుంచి ఫోటో తీశాడు. ఇక్కడ స్టూలు, అక్కడ కెమెరా స్టాండు, మధ్యలో నేల మీద అరిగిపోయిన పచ్చగీత. పాస్‌పోర్టుకి, లైసెన్సుకి, ఉద్యోగం దరఖాస్తుకి. కూర్చోండి. తల కొంచెం ఎత్తండి. జుట్టు వెనక్కి, చెవులు కనబడాలి. ఇటు చూడండి. నవ్వొద్దు. పొద్దస్తమానం ఆ ఆఖరి మాట అంటూనే ఉంటాడు కాబట్టి వీధి వీధంతా అతనికి ‘నవ్వొద్దు’ అని పేరు పెట్టేసింది. ఎదురుపడితే మాత్రం ‘నవ్వొద్దు గారూ’ అంటారు.

“పిట్టలండీ,” అన్నాడు. “నీళ్ళల్లో ఉండేవి.”

“పిట్టలని ఫోన్లోనే చెప్పారు. ఎంత దూరం నుంచి అని అడుగుతున్నాను.”

“పిట్ట ఎక్కడుంటే అక్కడికెళ్ళి తీస్తాడమ్మా మా బావ,” అన్నాడు పక్కనున్న బావమరిది. “ముందు మీరు సరుకు చూపించండి. దూరాలు తర్వాత కొలుచుకుందాం.”

బావమరిది కుళాయిలూ పైపులూ అమ్ముతాడు. ఏ షాపుకెళ్ళినా కౌంటరుకి అవతలివైపు నిలబడ్డవాడిలాగే మాట్లాడతాడు. అక్క కోసం కొనే వస్తువు కాబట్టి ఇవాళ తన షాపు షట్టరు కూడా ఎత్తకుండా వచ్చాడు.

షాపావిడ గాజుబల్ల మీద నల్లగుడ్డ పరిచి మూడు లెన్సులు పెట్టింది. అన్నీ ఎవరో వాడి వదిలేసినవే. మొదటిది మూరెడు పొడవుంది. ధర చెప్పగానే బావమరిదికి పొలమారింది.

“ఇంటి కాగితాలు ఇంట్లోనే మర్చిపోయొచ్చామమ్మా. తీసేయండి దాన్ని. చూసినందుకు కూడా డబ్బులడిగేట్టుంది.”

ఆవిడ నవ్వకుండా దాన్ని పక్కకి జరిపింది. రెండోది నల్లరంగు లేచిపోయి లోపలి ఇత్తడి కనబడుతున్న పాతకాలం లెన్సు. “ఇది నాలుగొందల ఎమ్మెమ్‌ది, దూరంగా ఉన్నదాన్ని బాగా దగ్గరికి లాగుతుంది. చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాలి. చెయ్యి వణికితే బొమ్మా వణుకుతుంది, స్టాండు లేకుండా లాభం లేదు. లోపల అంచున చిన్న బూజుమచ్చ ఉంది, ఫోటోలో పడదు. కానీ ఎక్కడో గట్టు మీద కూర్చుని, పిట్టకి తెలియకుండా తీసుకోవచ్చు.”

మూడోది చిన్నది, తళతళలాడుతోంది. మూడొందల ఎమ్మెమ్‌ది. తనే ఫోకస్ చేసుకుంటుంది, చేతివణుకు తనే ఆపుకుంటుంది. ధర మాత్రం రెండోదానికీ దీనికీ ఇంచుమించు ఒకటే.

“ఇంకేం మరి! బూజు పట్టినదాన్ని ఎవడు కొంటాడు? ఇదే కట్టండి.”

“పిట్టలకి ఇది చాలదు సార్,” షాపావిడ బావమరిదిని దాటి అతనివైపు చూసింది. “ఆటలపోటీలకీ ఫంక్షన్లకీ బాగుంటుంది. పిట్టకైతే బాగా దగ్గరికి వెళ్ళాల్సొస్తుంది.”

అతను పాత లెన్సుని చేతిలోకి తీసుకుని రింగు తిప్పి చూశాడు. బరువుగా, నెమ్మదిగా తిరిగింది. దీనికి చెయ్యి అలవాటు పడేసరికి ఎన్నాళ్ళు పడుతుందో. అన్నాళ్ళు లేవు. గూట్లో గుడ్లు ఏ రోజైనా పగిలి పిల్లలు రావొచ్చు. ఇంట్లో మంచం పట్టిన మనిషి సంగతి అంతకన్నా తెలీదు.

“దగ్గరికే వెళ్తానమ్మా,” అన్నాడు, చిన్నదాన్ని చూపిస్తూ. “నాకు దగ్గర్నుంచి తీయడమే అలవాటు.”

షాపావిడ పాతదాన్ని లోపల పెట్టేసింది. లెన్సుకి మూతలు బిగించి, గుడ్డతో ఓసారి తుడిచి, పెట్టెలో పెట్టింది. “సరిపోకపోతే తెచ్చెయ్యండి. మార్చిస్తాను.”

“చూశావా, ఆవిడ కూడా మెత్తబడింది,” అన్నాడు బావమరిది మెట్లు దిగుతూ. బేరం తనే గెలిచినట్టుంది అతని నడక.

ఇంట్లో వీధివైపు గదిలో, కిటికీ పక్కన ఉంది అతని భార్య మంచం. ఆసుపత్రి వాళ్ళు ఇంక ఇంట్లోనే చూసుకోండి అన్న రోజున, పడకగదిలోంచి మంచాన్ని బావా బావమరిదీ మోసుకొచ్చి అక్కడ వేశారు. తలదగ్గర స్టూలు మీద మాత్రలు, నీళ్ళగ్లాసు, పిలవడానికి చిన్న ఇత్తడిగంట. గంట ఇంతవరకూ మోగలేదు. మోగే అవకాశం అతనెప్పుడూ ఇవ్వలేదు. స్టూడియోకి తాళం వేసి మంచం పక్కనే కుర్చీ వేసుకున్నాడు. ఆమె కదిలితే దిండు సర్దుతాడు. దగ్గితే గ్లాసు అందిస్తాడు. ఊరుకుంటే నుదుటిమీద చెయ్యేసి చూస్తాడు.

“తెచ్చారా? ఏదీ, ఇలా ఇవ్వండి.” రెండు చేతులూ చాపింది. అతను ఇవ్వలేదు. బరువు అన్నాడు. ఆమె దుప్పటిమీద పెట్టించుకుని వేలితో దాని అంచు నిమిరింది.

“బాగుంది. పొట్టిగా ఉంది మీలాగే.”

“అక్కా, కొత్తదానికింద లెక్క. నేను చూసి తీయించాను.”

“నువ్వు తీయించావంటే నీళ్ళు కారకుండా ఉంటే చాల్రా.”

ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆమెకి దగ్గులోకి తిరిగింది. అతను వెంటనే లేచాడు. ఆమె అరచెయ్యి ఎత్తి ఆగమంది. అతను ఆగలేదు, వీపు నిమిరి, నీళ్ళు పట్టి, నోరు తుడిచాడు.

ఆమె రైల్వే టిక్కెట్ల కౌంటర్లో పనిచేసేది. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు బస్సెక్కకుండా, వదిలేసిన కంకరగుంట మీదుగా నడిచి వచ్చేది. కంకర తవ్వడం ఆపేశాక ఆ గుంటలో నీళ్ళు నిలిచాయి, నీళ్ళ చుట్టూ తుంగ పెరిగింది, తుంగలోకి మునుగుడు కోళ్ళు వచ్చాయి. బాతుకన్నా చిన్నవి, దోసిట్లో పట్టేంత. మెడ ఎర్రగా ఉంటుంది. చూస్తుండగానే బుడుంగున మునిగి, ఎక్కడో తేలతాయి. సంచిలో చిన్న బైనాక్యులర్ వేసుకుని తిరిగేది ఆమె. ఇప్పుడది గోడకి వేలాడుతోంది. దాన్ని ఎత్తే సత్తువ మణికట్లలో లేదు.

“గుడ్లు పగిలిన రోజే పిల్లలు నీళ్ళల్లోకి దిగిపోతాయండీ,” అంది. “కానీ వాటికి చలి కదా. అందుకని తల్లి వాటిని వీపు మీద ఎక్కించుకుని తిప్పుతుంది. రెక్కల్లోంచి చారలచారల తలకాయలు బయటికి పెట్టి చూస్తుంటాయి, బస్సు కిటికీల్లోంచి జనం చూసినట్టు. ఈ ఒక్కసారి చూస్తే చాలు.”

‘ఈ ఒక్కసారి’ అన్నది విననట్టు అతను లెన్సు మూత తీసి మళ్ళీ పెట్టాడు.

మర్నాడు తెల్లవారగానే బావమరిదిని అక్క దగ్గర కూర్చోబెట్టి అతను గుంటకి వెళ్ళాడు. ఏటా ఈ రోజుల్లో అవి గూడు ఎక్కడ కడతాయో ఆమె ముందే చెప్పింది. ఒకప్పుడు కంకర మోసిన, విరిగిన కన్వేయరు దూలానికి ఎడంపక్క, తుంగ పల్చబడ్డ చోట. గట్టు మీద నిలబడి కెమెరా ఎత్తాడు. పచ్చటి గడ్డికుప్ప ఒకటి నీళ్ళమీద తేలుతోంది. దానిమీద ఏదో ముదురు చుక్క. అదే పిట్ట. కాసేపటికి అది లేచి, ముక్కుతో అటూ ఇటూ గడ్డి లాగి గూటిమీద పరిచి, చప్పుడు లేకుండా నీళ్ళల్లోకి జారింది. గూడు మళ్ళీ మామూలు చెత్తకుప్పలా అయిపోయింది. అతను బటన్ నొక్కుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి ఫోటోలు టీవీకి ఎక్కించాడు.

“ఇదేంటి బావా, పుట్టుమచ్చ తీసుకొచ్చావ్?” అన్నాడు బావమరిది.

ఆమె మాత్రం దిండు మీంచి తలెత్తి చూసింది. కళ్ళు మెరిశాయి. “అదే. అదే నా పిట్ట. మెడ చూడండి, ఎలా పెట్టిందో. ఇదిగో ఇది గడ్డి కప్పుతున్నప్పటిది, కదూ? కాకుల కంట పడకుండా కప్పి వెళ్తుంది. ఎంత శ్రద్ధో చూడండి దానికి.”

“చుక్కలా ఉంది,” అన్నాడు అతను.

“చుక్కైతేనేం? నాకు తెలిసిన చుక్కేగా. చాలండీ, ఇంతే దూరం నుంచి తియ్యండి.”

అతనికి చాలలేదు. ఫోటో అంటే మొహం. మొహం లేనిది, కళ్ళు కనబడనిది, అచ్చువేసి ఎవరి చేతికీ ఇవ్వలేదు ఇన్నేళ్ళల్లో. ఆఖరికి భార్య అడిగిన ఒక్క ఫోటో పుట్టుమచ్చలా ఇవ్వడమా?

ఆ మర్నాడు అతను పంట్లాం మోకాళ్ళపైకి మడిచి నీళ్ళల్లోకి దిగాడు. అడుగున కంకర పాదాలకి గుచ్చుకుంది. కెమెరాని మెడకి బిగించుకుని, ఒక్కో అడుగే వేస్తూ తుంగలోకి వెళ్ళాడు. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఇంకో చిక్కొచ్చింది. గూటికీ అతనికీ మధ్య తుంగపోచలు అడ్డం. ఎటు వంగినా ఏదో ఒక ఆకు పిట్ట మొహానికి అడ్డంగా గీత గీస్తోంది.

చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. క్లిప్పులు తగిలాయి. స్టూడియోలో ఆడవాళ్ళ జుట్టు చెవులమీద పడకుండా వెనక్కి లాగి పెట్టే ప్లాస్టిక్ క్లిప్పులు. జేబులో అవి లేకుండా అతను ఏనాడూ గుమ్మం దాటలేదు.

తుంగని రెండు పాయలుగా తీసి, ఇటుది ఇటు, అటుది అటు, క్లిప్పులు పెట్టాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది. పైనుంచి వెలుగు నేరుగా గూటిమీద పడుతోంది. మోకాళ్ళదాకా నీళ్ళల్లో, దోమలు మెడమీద వాలుతుంటే, కదలకుండా నిలబడ్డాడు.

పిట్ట వచ్చింది. నీళ్ళలోంచి తేలి, గూడెక్కి, గుడ్లమీద సర్దుకు కూర్చోబోయి, తలెత్తింది. సరిగ్గా లెన్సులోకి చూసింది. ముక్కు కొంచెం తెరుచుకుంది, మెడ నిట్టనిలువుగా సాగింది, రెండు కళ్ళూ అతనిమీదే. ఒక్క క్షణం అలా బిగుసుకుపోయింది. అతనికి ఒళ్ళు పులకరించింది. ఇంతమంది మనుషులకి చెప్పి చెప్పి రాబట్టాల్సిన చూపు, ఈ పిట్ట అడక్కుండానే ఇచ్చింది. బటన్ నొక్కాడు. పిట్ట రాయిలా నీళ్ళల్లోకి పడి మాయమైంది. గూట్లో గుడ్లు తెల్లారిన వెలుగులో మెరుస్తున్నాయి. వాటినీ తీశాడు.

దారంతా అతని కాళ్ళు నేలమీద ఆనలేదు.

“ఇప్పుడు చూడు,” అన్నాడు టీవీ ముందు నిలబడి. “ఇటు చూడు, ఇది. రెండు కళ్ళూ! స్టూలేసి కూర్చోబెట్టినా ఇంత బాగా చూడదు.”

బావమరిది చప్పట్లు కొట్టాడు. “ఇది ఫోటో అంటే! దీనికి పాస్‌పోర్టు ఇచ్చెయ్యొచ్చు బావా!”

నవ్వబోయిన ఆమె మొహం మధ్యలోనే ఆగిపోయింది. “తర్వాతది పెట్టండి,” అంది. గుడ్ల ఫోటో వచ్చింది.

“కప్పలేదా?”

“ఏంటి?”

“గుడ్లు. కప్పకుండా వెళ్ళిపోయిందా?”

“అదే కదా అదృష్టం! కప్పేసుంటే ఏం కనబడేది? నిన్నటిలా చెత్తకుప్పే.”

“ముందర తుంగ ఉండాలి. తుంగ ఏది?”

“పక్కకి తీసి క్లిప్పులు పెట్టాను.” జేబు తట్టి చూపించాడు, గర్వంగా. “చెవులు కనబడాలిగా.”

ఆమె మోచేతుల మీద లేవబోయింది. “ఇప్పుడే వెళ్ళి తీసేసి రండి. ఇప్పుడే. ఆ తుంగ మళ్ళీ ముందుకి వాల్చెయ్యండి. పైనుంచి కాకులకి…” ఊపిరి అందలేదు. మాట మధ్యలో తెగింది. మళ్ళీ మొదలుపెట్టింది. “ఏమండీ, వెళ్ళండి, కాకులకి…”

అతనికి ఆమె మాట వినబడలేదు, ఆయాసమే వినబడింది. పెదాలు నల్లబడుతున్నాయి. వేళ్ళు దుప్పటిని పట్టుకుని లాగుతున్నాయి. ఇలా అయితే ఏం చెయ్యాలో నర్సు చెప్పి వెళ్ళింది. కంగారుపడితే సగం మాత్ర, పడుకోబెట్టి, మాట్లాడనివ్వకుండా ఉంచడం.

“సరే, సరే. వెళ్తాలే. ముందు నువ్వు పడుకో.”

“ఇప్పుడే…”

“పొద్దున్నే వెళ్తానుగా. కాస్త నోరు తెరు.” మాత్ర విరిచి నాలుకమీద పెట్టాడు. నీళ్ళు చెంచాతో పోశాడు. ఆమె తల పక్కకి తిప్పుకుంది. గడ్డం పట్టుకుని, మెల్లగానే, ఇటు తిప్పాడు. ఆమె మింగింది. కళ్ళు అతనివైపే చూస్తూ, చూస్తూ, మూతలు పడ్డాయి.

మధ్యాహ్నం జావ తెచ్చాడు. రెండు చెంచాలు పట్టి మూడో చెంచాకి పళ్ళు బిగించేసింది. కొన్నాళ్ళుగా ఇంతే. తినదు. చెంచా పెదాలకి ఆనగానే మొహం రాయిలా అయిపోతుంది.

మర్నాడు గుంట దగ్గరికి చేరేసరికి కాకులు అరుస్తున్నాయి.

అతను గట్టు మీంచే చూశాడు. ఈసారి కెమెరా అక్కర్లేకపోయింది. క్లిప్పులు పెట్టిన చోట తుంగ రెండువైపులా తెరుచుకుని, తలుపు తీసిన గదిలా, గూడు ఎంత దూరం నుంచైనా కనబడుతోంది. గూటి అంచున ఒక కాకి కూర్చుని ముక్కు తుడుచుకుంటోంది. రెండోది ఏదో నోట కరుచుకుని కన్వేయరు దూలం మీదికి ఎగిరింది.

కేకలేస్తూ నీళ్ళల్లోకి దూకాడు. చేరేసరికి కాకులు వెళ్ళిపోయాయి. గూట్లో తడిసిన గడ్డి, నాలుగు పెంకుముక్కలు, పచ్చసొన మరక. ఒక పెంకు లోపలివైపు సన్నటి ఎర్రటి నరాలు అంటుకుని ఉన్నాయి.

క్లిప్పులు తీశాడు. రాత్రంతా వంగి ఉన్న తుంగ వెంటనే లేవలేదు. చేత్తో నిలబెట్టాడు. మళ్ళీ వాలిపోయింది. మళ్ళీ నిలబెట్టాడు. దూరంగా, నీళ్ళ మధ్యలో, ఒక పిట్ట తేలింది. కాసేపు అటూ ఇటూ తిరిగి మునిగింది. మళ్ళీ తేలింది. గూటివైపు రాలేదు.

ఇంటికొచ్చే దారిలో అబద్ధం తయారుచేసుకున్నాడు. వెలుగు లేదు, మంచు కమ్మేసింది. పిట్ట గుడ్లమీదే ఉంది. క్లిప్పులు తీసేశాను. ఇంక దాన్ని కదిలించకూడదు కాబట్టి కొన్నాళ్ళు వెళ్ళను. నాలుగు మాటలు. నాలుగుసార్లు చెప్పుకున్నాడు.

బావమరిది షాపుకి వెళ్ళిపోయాక, ఆమె పక్కన కూర్చుని, దిండు గలీబు సర్దుతూ, అవే నాలుగూ చెప్పాడు.

“క్లిప్పులు తీశారా?”

“తీశాను.”

“గుడ్లున్నాయా?”

“ఉన్నాయి. బాగానే ఉన్నాయి.” గలీబు అంచు మళ్ళీ మడిచాడు.

కాసేపు ఆమె ఊపిరి కూడబెట్టుకుంది. తర్వాత, నెమ్మదిగా, అతని గొంతునే అనుకరిస్తూ అంది. “తల కొంచెం ఎత్తండి.”

అతను ఎత్తలేదు.

“ఇటు చూడండి.”

ఎత్తాడు. చూశాడు.

“నవ్వొద్దు,” అంది ఆమె.

అతని మొహం చెదిరిపోయింది. దుప్పటిలో తల పెట్టి, చిన్నపిల్లాడిలా, ముక్కు కారుస్తూ ఏడ్చాడు. ఆమె వేళ్ళు అతని జుట్టులోకి వచ్చి ఆగాయి. నిమిరే ఓపిక లేదు, ఊరికే ఉంచింది.

“నిన్ననే తెలిసింది నాకు,” అంది. “ఫోటో చూడగానే. అది మీకు పోజివ్వలేదండీ. భయపడింది. పిట్ట నేరుగా మనవైపు చూసిందంటే మనం దొరికిపోయామని. మంచి ఫోటోలో అది మనల్ని చూడదు. దాని పని అది చేసుకుంటూ ఉంటుంది. కప్పకుండా వెళ్ళిందంటే, కప్పేంత వ్యవధి మీరు ఇవ్వలేదని.”

“నిన్న చెప్పుండొచ్చుగా!” అన్నాడు, తలెత్తకుండానే. “నిన్న చెప్పుంటే…”

“చెప్పాను. మీరు మాత్ర వేశారు.”

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది అంటుకోలేదు. మళ్ళీ కొట్టారు. అంటుకుని వెళ్ళిపోయింది.

“మీకొకటి చెప్పనా? కోప్పడకూడదు.” ఆమె కళ్ళు మూసుకునే మాట్లాడింది. “ఆ పిట్ట మొహం నాకు బాగా తెలుసు. మీరు గిన్నె పట్టుకుని వస్తుంటే నేనూ అలాగే చూస్తున్నాను కొన్నాళ్ళుగా. మెడ బిగిసిపోతుంది. ఆకలేస్తుంది, కానీ మీరు అంత దగ్గరగా నా నోట్లోకి చూస్తుంటే గొంతు దిగదు.”

అతను మెల్లగా తలెత్తాడు. చెయ్యి అలవాటుగా ఆమె నుదుటివైపు వెళ్ళబోయి, సగంలో ఆగి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళోకి వచ్చింది.

“రేపు స్టూడియో తెరవండి. పాపం ఎంతమంది జనం నవ్వు ఆపుకోలేక తిరుగుతున్నారో బయట.”

“నువ్వొక్కదానివే…”

“గంట ఉందిగా. స్టూడియో వీధి చివరేగా, వినబడదూ? దాన్ని ఒక్కసారైనా మోగించనివ్వండి నన్ను.” కళ్ళు తెరిచి గోడమీది బైనాక్యులర్ వైపు చూసింది. “ఆ లెన్సు కూడా మార్చేసుకోండి. వాటికి గూడు పోతే ఇంకోటి కట్టుకుంటాయి. ఈసారి లోపల, మధ్యలో కడతాయి. గట్టు మీంచే తియ్యాలి. అప్పటికి…” ఆపేసింది. “అప్పటికి మీకు చెయ్యి అలవాటవుతుంది.”

ఆ సాయంత్రం బావమరిది రాగానే అతను లెన్సుల షాపుకి వెళ్ళాడు. షాపావిడ చిన్న లెన్సు తీసుకుని, అద్దం మీద అతని తడివేలి ముద్ర తుడిచి లోపల పెట్టింది. రంగు లేచిన పాతదాన్ని తెచ్చి ఇచ్చింది. “గట్టు మీంచా?” అంది. “గట్టు మీంచే,” అన్నాడు.

మర్నాడు స్టూడియో తలుపు తీసేసరికి మూసిన గదివాసన. పచ్చగీత మీద దుమ్ము. వీధి చివర, మేడమీద గది అది. కిటికీ తెరిస్తే వీధి మొత్తం కింద పరిచినట్టుంటుంది. అవతలి చివర వాళ్ళిల్లు. గిన్నెలో జావ పోసి, మూతపెట్టి, చెంచా పక్కన పెట్టి, గంట ఆమె చేతికందేలా జరిపి వచ్చాడు. గుమ్మం దగ్గర మూడుసార్లు వెనక్కి తిరిగాడు. మూడోసారి ఆమె, “వెళ్ళండి మహానుభావా,” అంది.

తాళం తీసిన చప్పుడు విని ఒక ముసలాయన మెట్లెక్కి వచ్చాడు. పింఛను కార్డుకి ఫోటో కావాలట. “ఇన్నాళ్ళు మూసేశారేంటి నవ్వొద్దు గారూ? వేరేచోట తీయించుకుంటే దొంగలా పడ్డాను,” అంటూ స్టూలు మీద కూర్చుని, దువ్వెనతో ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకోసాగాడు.

“ఒక్క నిమిషం బాబాయ్. కొత్త లెన్సు, సరిచూసుకోవాలి.”

స్టాండుని కిటికీ దగ్గర వేసి పాత లెన్సు బిగించాడు. కంటికి అంతా బూడిదరంగు పొగ. రింగు తిప్పాడు. మందుల షాపు బోర్డు, కరెంటుతీగ, తీగమీద చిక్కుకున్న గాలిపటం తోక, ఒక్కోటీ పొగలోంచి తేలి, మళ్ళీ మునిగాయి. ఇంకొంచెం తిప్పాడు. గోడ. కిటికీ ఊచలు. ఊచల వెనక తెల్లగా ఏదో.

చెయ్యి ఆగింది. మళ్ళీ, వెంట్రుకవాసి తిప్పాడు.

ఆమె లేచి కూర్చుని ఉంది. దిండ్లు తనే వెనక్కి పెట్టుకుంది. గిన్నె ఒళ్ళో ఉంది. చెంచా పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. చెంచా పైకి వచ్చింది, దారిలో సగం ఒలికింది, దుప్పటిమీద పడింది. అతని కాళ్ళు తలుపువైపు కదిలాయి. పడిపోతుంది. గిన్నె ఒళ్ళో బోర్లా పడుతుంది. తుడవాలి. గడ్డం కింద గుడ్డ పెట్టాలి.

లెన్సు బరువుగా ఉంది. దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

చెంచా నోటిదాకా వెళ్ళింది. మింగింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ ఒలికింది. ఈసారి చూపుడువేలితో గడ్డం మీది జావ తీసుకుని, ఎవరూ చూడ్డంలేదు కాబట్టి, ఆ వేలు నోట్లో పెట్టుకుంది. కిటికీ గట్టు మీద ఏదో వాలినట్టుంది, అతనికి కనబడని చోట. దాన్ని చూస్తూ తింటోంది. మెడ వదులుగా, ఒక పక్కకి వాలి ఉంది. మొహంలో ఎక్కడా బిగువు లేదు. బుగ్గలు పీక్కుపోయి, కంటిగుంటలు నల్లబడి, తన పని తను చేసుకుంటూ ఉంది.

ఎంత చిక్కిపోయిందో అతనికి అప్పుడు కనబడింది. పక్కనే కూర్చుని ఇన్నాళ్ళూ చూడలేదు. ఇంక ఎక్కువ రోజులు లేవని, నర్సు చెప్పనిది, డాక్టరు సగం చెప్పినది, వీధి అంత దూరం నుంచి, బూజుమచ్చ ఉన్న ఆ గాజులోంచి, పూర్తిగా తెలిసింది.

“సార్,” అన్నాడు వెనకనుంచి ముసలాయన. “నేనెటు చూడాలి?”

“మీ ఇష్టం బాబాయ్,” అన్నాడు అతను, వెనక్కి తిరక్కుండా.

ఊపిరి బిగబట్టి బటన్ నొక్కాడు. ఒక్కటే. ఏ ఆఫీసులోనైనా తిప్పి పంపేసే ఫోటో. జుట్టు చెవిమీద పడి ఉంది. గడ్డానికి జావ అంటి ఉంది. నోరు సగం తెరుచుకుని ఉంది.

చూపు ఎటో ఉంది. ఆమె అతనివైపు చూడలేదు.